చెయ్యప్పకు వైద్య పరీక్ష

మా అక్క మనవళ్ళు ఇద్దరు మారతహళ్ళిలో ఉంటారు. కంప్యూటరు ఉద్యోగాలు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తారు. చేతిలో ఫోను, ఫోనులో ఏదో ఒక వార్త. మొన్న పెద్దవాడు పప్పన్నం కలుపుకుంటూ, "అమ్మమ్మా, ఇంకొన్నాళ్ళకు నర్సులు కూడా అక్కర్లేదంట. రోగం కనిపెట్టడం, మందివ్వడం అన్నీ మెషీన్లే చేసేస్తాయంట" అని చదివి వినిపించాడు. చదివేవాడి ముఖంలో నవ్వు లేదు. వాడి దిగులు నర్సుల గురించి కాదని, వాడి ఉద్యోగం గురించేనని నాకు అర్థమైంది. ముందు తినమన్నాను. తిన్నాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వార్త నేను ఒకసారి దగ్గరగా చూశాను. చూడడమేమిటి, దాని చేతికి పట్టీ చుట్టి బీపీ కూడా తీశాను.

ఎనభైల నడిమి సంవత్సరాలు. నేను మహదేవపుర దాటాక ఉన్న ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీలో నర్సుగా ఉండేదాన్ని. మాది ఒంగోలు వైపు. మిషన్ ఆసుపత్రిలో చదువుకుని, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాను. ఆయన చర్చి స్కూల్లో టీచరు. అప్పట్లో మహదేవపురలో మా ఫ్యాక్టరీ గోడ అవతల రాగి చేలు ఉండేవి. బస్సు దిగి నడుస్తుంటే ఒక పక్క రాగి వాసన, ఇంకో పక్క పెయింటు వాసన.

పెయింటు వాసన దగ్గరే మొదలుపెట్టాలి. ఫ్యాను రెక్కలకు రంగు కొట్టడానికి ఒక గది ఉండేది, పెయింటు షాపు అనేవారు దాన్ని. పెయింటర్లు లోపల నిలబడి స్ప్రే గన్‌తో రెక్క మీద రెక్క కొట్టుకుంటూ పోవాలి. గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి ఉండేది గానీ, ఫ్యాన్లు తయారుచేసే చోట చెడిపోయిన ఫ్యానును బాగుచేసేవాడు దొరకడు. ముక్కుకు గుడ్డ కట్టుకునేవారు. పని దిగేటప్పుడు కంపెనీ తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేది, గొంతులో రంగు కిందికి దిగిపోతుందని. ఆ బెల్లం మీద కంపెనీకి ఉన్న నమ్మకం మా డాక్టరుగారికి లేదు. ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చిన పెద్దాయన, రోజూ పొద్దున స్కూటరు మీద వచ్చి రోగుల్ని చూసి వెళ్ళేవారు. పెయింటర్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, చెవుల్లోంచి తీసేసి, "ఈ గదిలో పనికి ఊపిరితిత్తులు లేనివాణ్ణి వెతికి పెట్టుకోమనండి" అనేవారు. పైవాళ్ళతోనూ అదే మాట చాలాసార్లు అన్నారు. వాళ్ళు నవ్వేవారు. డాక్టరుగారు సరదా మనిషని ఫ్యాక్టరీ అంతా పేరు.

పెయింటర్లలో అందరికన్నా పెద్దాయనను అందరూ పెద్దన్న అనేవారు. బాగేపల్లి వైపు మనిషి. ఆయన గన్ తిప్పితే రెక్క మీద రంగు పాల మీద మీగడ కట్టినట్టు కట్టేది. ఆయన దగ్గు కూడా అంత పేరున్నదే. రెండు చిన్న దగ్గులు, ఒక్క క్షణం ఆగి ఒక పెద్ద దగ్గు. డిస్పెన్సరీలో కూర్చునే ఆయన వస్తున్నారని చెప్పేదాన్ని.

ఇలా ఉండగా సాయంత్రం పూట వచ్చే ఒక పేపర్లో వార్త వచ్చింది. మా ఎమ్‌డీ విదేశం వెళ్ళి వచ్చారని, అక్కణ్ణుంచి ఒక రోబోను తెప్పిస్తున్నారని. అంతవరకు నిజమే. మిగతాది ఆ విలేకరి తన ఊహతో పూరించాడు. మనిషి ఎత్తు ఉంటుందట, చీకట్లో కళ్ళు కనిపిస్తాయట, అలసట తెలియదట, ఒక్కటి వస్తే ఒక డిపార్టుమెంటు మొత్తం ఇంటికి పోవచ్చట. పక్కన ఒక బొమ్మ వేశారు. డబ్బా తల, నుదుటి మీద బల్బు.

మర్నాడు క్యాంటీనులో ఎవరికీ అన్నం సహించలేదు. యూనియన్ సెక్రటరీ బెంచీ ఎక్కి పేపరు చదివాడు. కోలారు వైపు తెలుగువాడు, గొంతు పెద్దది, మనసు దానికన్నా పెద్దది. చదవడం అయ్యాక నేరుగా డిస్పెన్సరీకి వచ్చాడు.

"సిస్టరమ్మా, పేపర్లో ఏమి రాసినారో చూస్తిరా? మనిషి మాదిరే ఉంటాదంట. పెయింటు షాపుకే వస్తాండాది. మా వాళ్ళందరూ యాడికి పోవాల? రాగి చేలో కలుపు తీసేకి పోవాల్నా?"

"పేపర్లో రాసిందల్లా నమ్మితే ఎలాగండీ" అన్నాను.

"నమ్మకుండా ఉండేకి ధైర్యం కావాల కదమ్మా" అన్నాడు.

ఆ వారం డిస్పెన్సరీకి వచ్చినవాళ్ళలో సగం మందికి రోగం లేదు, నిద్ర లేదు. పెయింటర్ల భార్యలు గేటు దగ్గర నన్ను ఆపి, "అది రాత్రిపూట కూడా పనిచేస్తాదంట, నిజమేనా?" అని అడిగేవారు. క్యాంటీను వంటమ్మ బాధ వేరు. "సిస్టరూ, ఆ వచ్చేది తింటాదా తినదా సరిగ్గా చెప్పండి. లెక్కకు ఒకరి అన్నం ఎక్కువ వండల్లా?"

రోబో మద్రాసు హార్బరు నుంచి లారీ మీద వచ్చింది. పెద్ద చెక్క పెట్టె. ఫ్యాక్టరీ అంతా మిషన్లు ఆపి చుట్టూ మూగింది. మేకులు పీకి, గడ్డి తీసి, ప్లాస్టిక్ కాగితం విప్పితే లోపల ఉన్నది ఒక చెయ్యి. అంతే. నేలకు బిగించే ఒక దిమ్మ, దాని మీద మోచేయి, మణికట్టు ఉన్న ఇనుప చెయ్యి ఒకటి. దానితోపాటు కరెంటు వైర్లున్న బీరువా ఒకటి.

ముందున్నవాళ్ళు వంగి పెట్టె అడుగు దాకా వెతికారు. చివరికి వెనక నుంచి ఎవరో, "తల యాడప్పా?" అన్నారు.

"తల ఇంకో పెట్టెలో వస్తాదేమో" అన్నారు ఇంకొకరు.

విదేశంలో శిక్షణ పొంది వచ్చిన కుర్ర ఇంజనీరు ఒకతను దీని బాధ్యత చూసేవాడు. పాపం, దీనికి తల ఉండదని, ఉన్నది ఇంతేనని అందరికీ చెప్పి చూశాడు. ఎవరూ నమ్మలేదు. అంత దూరం నుంచి, అంత గొప్పగా, తల లేకుండా ఎవడైనా పంపుతాడా? తల కస్టమ్స్‌లో ఆగిపోయిందని ఫ్యాక్టరీ తేల్చేసింది. రెండు రోజులకు సాయంత్రం పేపర్లో వచ్చింది: రోబో తల మద్రాసు కస్టమ్స్ వద్ద నిలిచిపోయినట్టు విశ్వసనీయ వర్గాల సమాచారం. ఆ విశ్వసనీయ వర్గం మా క్యాంటీను వంటమ్మ అని తర్వాత తెలిసింది. ఈలోగా కార్మికులు దానికి పేరు పెట్టేశారు. చెయ్యప్ప.

ఎమ్‌డీ మంచి మనిషే గానీ ఉత్సాహం ఎక్కువ. ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలిచారు. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించారు: 'మన కుటుంబంలోకి కొత్త కార్మికుడికి స్వాగతం.' ఆ బోర్డు చూడగానే సెక్రటరీ ముఖం వెలిగింది. నేరుగా ఎమ్‌డీ గదికి వెళ్ళాడు. అంతకు ముందే అక్కడ నేను కొత్త దూది, టించరు కావాలని అడగడానికి నిలబడి ఉన్నాను. అందుకే ఆ సంభాషణ నాకు అక్షరం అక్షరం గుర్తు.

"సార్, బోర్డు మింద కార్మికుడని మీరే రాసినారు. మన రూలు ఏమి చెప్తాది? షాపులో కాలు పెట్టే కొత్త కార్మికుడు ఎవురైనా సరే, మెడికల్ కావాల."

ఎమ్‌డీ నవ్వారు. "దానికి కాలే లేదు కదయ్యా."

"చెయ్యి ఉండాది కద సార్."

"మిషనుకు మెడికల్ ఏమిటి?"

"మిషనంటే బోర్డు మార్పించండి. కార్మికుడంటే మెడికల్ చేయించండి. రెండూ కాదంటే మంత్రిగారు వచ్చే రోజు మేమంతా గేటు బయట ఉంటాం."

బోర్డుకు అప్పటికే రంగులు, లైట్లు అన్నీ పెట్టించేశారు. ఎమ్‌డీ నావైపు చూశారు. "సరే. సిస్టర్, ఐదు నిమిషాల పని. రిబ్బను కత్తిరించే ముందు పెట్టుకుందాం. ఫోటోకు కూడా బాగుంటుంది." అలా కార్యక్రమంలో టెంకాయకూ రిబ్బనుకూ మధ్య 'వైద్య పరీక్ష' అని ఒక అంశం చేరింది.

డాక్టరుగారితో చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, ఆ రోజు బావమరిది కొడుకు పెళ్ళి ఉందని, నన్నే చూసుకోమని చెప్పారు. పెళ్ళి నిజంగా ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఈలోగా చెయ్యప్పకు పని నేర్పడం మొదలైంది. మీరు కంప్యూటరుకు నేర్పినట్టు రాసి నేర్పడం కాదు. ఒక పెయింటరు దాని మణికట్టు పట్టుకుని, తాను ఎలా కొడతాడో అలా ఒక రెక్కకు రంగు కొట్టాలి. అది ఆ కదలికంతా గుర్తుపెట్టుకుని, మళ్ళీ మళ్ళీ అలాగే చేస్తుంది. పిల్లవాడి చేత అక్షరాలు దిద్దించినట్టు. సహజంగానే ఆ పని పెద్దన్నకు పడింది.

దగ్గు మందుకు వచ్చినప్పుడు ఆయనను అడిగాను. "అంత శ్రద్ధగా నేర్పుతున్నారంట. అది నేర్చుకుంటే మీ ఉద్యోగమే పోతుంది కదండీ?"

"సగం సగం నేర్పేది నాకు రాదమ్మా" అన్నాడు. మందు సీసా మూత బిగిస్తూ, "బుద్ధిగా ఉంటాదమ్మా. నేను యెట్ల తిప్పితే అట్లే తిప్పుతాది. నా కొడుక్కి ఎన్ని సార్లు చెప్పినా మణికట్టు తిరగల్యా. దీనికి ఒక్కసారికే తిరిగింది" అన్నాడు. గర్వపడుతున్నాడో, బాధపడుతున్నాడో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

ప్రారంభోత్సవం ముందురోజు నా దగ్గరికి ఇద్దరు వచ్చారు. మొదట ఎమ్‌డీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "ఫిట్ అని ఒక్క మాట చెప్పి నవ్వండి, చాలు" అన్నారు. తర్వాత సెక్రటరీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "సిస్టరమ్మా, మీరు దాన్ని అన్‌ఫిట్ చెయ్యల్ల. ఏమైనా చెప్పండి. చూపు లేదనండి, అమ్మవారి టీకా మచ్చ లేదనండి. మా సంసారాలు మీ నోట్లో ఉండాయి."

ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే, "జలుబని సెలవు పెట్టెయ్" అన్నారు. ప్రార్థన చేసుకుందామని కూర్చున్నాను. 'ప్రభువా, ఈ యంత్రాన్ని...' అని మొదలుపెట్టాను. యంత్రాన్ని ఏమి చెయ్యమనాలో తెలియలేదు. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. ఫిట్ అంటే వాళ్ళ పొట్ట కొట్టినట్టు. అన్‌ఫిట్ అంటే వాళ్ళను మళ్ళీ అదే గదిలోకి తోసినట్టు. రెండూ నా చేత్తోనే.

మర్నాడు ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకుని వెళ్ళాను. పెయింటు షాపంతా మామిడాకులు. చిక్కపేట నుంచి జరీ పేటా ఒకటి కొనుక్కొచ్చారు. మైసూరు తలపాగా. దాన్ని పెట్టడానికి తల లేదు కాబట్టి కరెంటు బీరువా మీద పెట్టారు. పురోహితుడు చేతికి కుంకుమ పెట్టి, మల్లెపూల దండ మోచేతికి చుట్టాడు. కరెంటు పోతే పరువు పోతుందని జనరేటరు అద్దెకు తెచ్చారు. అది బయట ఎద్దులా రంకెలు వేస్తోంది. మంత్రిగారు వచ్చారు. టెంకాయ కొట్టారు. మైకులో నన్ను పిలిచారు.

ముందు థర్మామీటరు పెట్టబోయాను. ఎక్కడ పెట్టాలి? మణికట్టు మడతలో పెట్టాను. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత బీపీ పట్టీ మోచేయి పైన చుట్టి గాలి కొట్టాను. గాలి వదులుతుంటే ముల్లు టిక్ టిక్ మని కొట్టుకుంది. లోపల నూనె పంపు కొట్టుకుంటుందని, ఆ అదురు పట్టీకి తగిలిందని ఇంజనీరు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం నమ్మలేక ఇంకోసారి గాలి కొట్టి చూశాను.

"ఎంతుంది?" అన్నారు మంత్రిగారు ఆసక్తిగా.

"కొట్టుకుంటోంది సార్" అన్నాను.

"నూనె ఎక్కువైంది సార్, తగ్గించల్ల" అన్నాడు సెక్రటరీ వెనక నుంచి. అందరూ నవ్వారు. సాయంత్రం పేపరు విలేకరి ఏదో గబగబా రాసుకున్నాడు.

"ఇక ఫిట్టే కదా సిస్టర్?" అన్నారు ఎమ్‌డీ.

"పని చేయించి చూడకుండా ఎట్ల సార్?" అన్నాడు సెక్రటరీ. "మమ్మల్ని తీసుకున్నప్పుడు మూట మోయించి చూసినారు."

మంత్రిగారికి అదీ నచ్చింది. ఇంజనీరు ముఖం మాత్రం పాలిపోయింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. అతను వెళ్ళి మీట నొక్కాడు. చెయ్యప్ప లేచాడు. మల్లెదండతోనే గన్ పట్టుకుని, తగిలించిన రెక్క మీద నీలం రంగు కొట్టడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలి, చూడముచ్చటగా ఉంది. మణికట్టు అచ్చం పెద్దన్న మణికట్టే. రంగు మీగడలా పడుతోంది.

సగం రెక్క అయ్యేసరికి చెయ్యి ఉన్నట్టుండి చిన్నగా అదిరింది. మళ్ళీ ఒకసారి అదిరింది. ఒక్క క్షణం ఆగి, ఈసారి భుజం దాకా పెద్దగా ఎగిరిపడింది. గన్ పక్కకు తిరిగి బీరువా మీది జరీ పేటాకు నీలం రంగు చిమ్మింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మిగతా రెక్క పూర్తి చేసుకుంది.

ఇంకో రెక్క తగిలించారు. సగానికి వచ్చేసరికి మళ్ళీ అంతే. రెండు చిన్నవి, ఆగి ఒక పెద్దది.

సరిగ్గా అప్పుడే గుంపులోంచి పెద్దన్న దగ్గాడు. రెండు చిన్నవి, ఆగి ఒక పెద్దది.

ఒక్క నిమిషం అందరూ చెయ్యి వైపూ ఆయన వైపూ చూశారు. ఎవడో పెయింటరు అరిచాడు, "దగ్గుతాండాదిరా! చెయ్యప్ప దగ్గుతాండాడు! అన్న దగ్గు!"

షాపు షాపంతా గొల్లుమంది. జనరేటరు చప్పుడు కూడా వినబడలేదు. నేర్పేటప్పుడు పెద్దన్న దగ్గిన దగ్గును కూడా అది శ్రద్ధగా నేర్చుకుంది. ఇంజనీరుకు ముందే తెలుసు. ఎన్నిసార్లు చెరిపి మళ్ళీ నేర్పించినా, ఆ గదిలో దగ్గు లేకుండా పెద్దన్న ఒక్క రెక్క కూడా పూర్తిచేయలేకపోయాడు. మంత్రిగారు అంత దగ్గరగా చూడరులే అని చివరికి వదిలేశాడు.

సెక్రటరీకి ఇంతకన్నా ఏమి కావాలి? ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "సార్, దగ్గు ఉండేవాన్ని కంపెనీ పనిలోకి తీసుకోదు. రూలు. సిస్టరమ్మా, చెప్పండి. ఫిట్టా, అన్‌ఫిట్టా?"

ఎమ్‌డీ నన్నే చూస్తున్నారు. పెయింటర్లంతా నన్నే చూస్తున్నారు. నాకు ఏమి చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు నర్సు చేసే పని ఒకటుంది. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకున్నాను. చెయ్యప్ప మీద పెట్టి విన్నాను. నూనె చప్పుడు. అలాగే నడిచి వెళ్ళి పెద్దన్న వీపు మీద పెట్టాను. ఊపిరి పీల్చమన్నాను. ఆ లోపలి చప్పుడు ఎలా ఉందో ఇప్పుడు రాయను. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు ఉందంటే చాలు.

"దగ్గు దానిది కాదండీ, ఈయనది" అన్నాను. "దానికి ఊపిరితిత్తులు లేవు. ఈ గదిలో పనికి అది ఫిట్. ఈయన కాదు. ఇక్కడ నిలబడ్డవాళ్ళు ఎవరూ కాదు. మా డాక్టరుగారు ఎప్పటినుంచో చెప్తున్నదే."

నవ్వు ఆగిపోయింది. ఎమ్‌డీ ముఖంలో ముందు సంతోషం వచ్చింది, తర్వాత పోయింది. సెక్రటరీ ముఖంలో ముందు కోపం వచ్చింది. నేను పొట్ట కొట్టానని అనుకున్నాడు. కానీ చురుకైనవాడు. నా మాటలో రెండో సగం అతనికి అందడానికి ఎంతోసేపు పట్టలేదు.

"విన్నారు కద సార్" అని మంత్రిగారి వైపు తిరిగాడు. "నర్సమ్మ మీ ముందర చెప్పింది. ఈ గదిలో మనుషులు ఉండకూడదు. చెయ్యప్పే ఉండనీ. మా వాళ్ళందరినీ అసెంబ్లీలోకో, ప్యాకింగులోకో మార్చల్ల. ఒక్కన్ని కూడా తీయకుండా."

మంత్రిగారికి ఇంకో ఊళ్ళో ఇంకో రిబ్బను ఉంది. ఆయనకు సగమే వినబడిందని నా అనుమానం. "చాలా బాగుంది! కార్మికుల ఆరోగ్యం కోసం యంత్రాన్ని తెచ్చిన కంపెనీని ఇదే చూడడం!" అని మైకులో అనేసి, ఎమ్‌డీని కౌగిలించుకుని, రిబ్బను కత్తిరించారు. జనం చప్పట్లు. ఫోటోలు. అంత చప్పట్లలో, మేము అలా అనుకోలేదు సార్ అని ఎమ్‌డీ ఎలా చెబుతారు? ఆయన కూడా చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి పెయింటర్లు అసెంబ్లీలోకి మారారు.

మర్నాడు సాయంత్రం పేపర్లో ఏమి వచ్చిందో చెప్పనా? 'విదేశీ రోబోకు క్షయ. బెంగళూరు నర్సు నిర్ధారణ.'

విలేకరి వారం తర్వాత డిస్పెన్సరీకి వచ్చాడు, కొత్త వార్త కోసం. "నేను క్షయ అన్నానా బాబూ?" అని అడిగాను.

"దగ్గు అన్నారు కదమ్మా" అన్నాడు. "దగ్గు వరకు నేను రాశాను. మిగతాది మా ఎడిటరు."

ఈలోపు పై నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చాడు. రోగి ఎక్కడ అని అడిగాడు. చూపించాను. చాలాసేపు చూశాడు. "పై నుంచి ఆర్డరు అమ్మా, నేనేమి చేసేది?" అని నిట్టూర్చి, చెయ్యప్ప చుట్టూ బ్లీచింగ్ పౌడరుతో ముగ్గులా ఒక గీత గీసి, రోగిని ముట్టుకున్నవాళ్ళందరికీ పరీక్షలు చేయాలన్నాడు. ఆ మిషతో పెయింటర్లందరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. డాక్టరుగారు ఎన్నాళ్ళుగా అడిగినా జరగని పని అది. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన ఆయన, "మనిషి దగ్గితే బెల్లం, మిషను దగ్గితే ఎక్స్‌రే" అన్నారు. ఈసారి నవ్వలేదు.

చెయ్యప్ప దగ్గు మాత్రం వెంటనే పోలేదు. ఇంజనీరు తనే నేర్పబోయాడు, రంగు కారిపోయింది. పెద్దన్న మళ్ళీ వచ్చి నేర్పితే మళ్ళీ దగ్గే. చాలా నెలలపాటు మా ఫ్యాన్లన్నీ ఆ దగ్గుతోనే మార్కెట్లోకి వెళ్ళాయి. రెక్క నడిమి భాగంలో వేలితో తడిమితే మూడు బొబ్బలు. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది నెత్తి మీద పెద్దన్న దగ్గు గిరగిరా తిరిగిందో! మరుసటి వేసవి దాటాక, అసెంబ్లీ షాపులో కిటికీ పక్కన కూర్చుని రెక్కలు బిగిస్తూ బిగిస్తూ ఆయన దగ్గు సన్నబడింది. అప్పుడు మళ్ళీ పిలిచి నేర్పించారు. ఆయన ముక్కుకు మంచి తొడుగు పెట్టుకుని, మెల్లగా, ఒక్కసారి కూడా దగ్గకుండా రెక్క పూర్తిచేశాడు. మర్నాడు ఇంజనీరు డిస్పెన్సరీలోకి పరిగెత్తుకొచ్చి, "సిస్టర్, తగ్గిపోయింది!" అన్నాడు. ఎవరికి అని నేను అడగలేదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ కరెంటు కోతలు, ఓల్టేజి హెచ్చుతగ్గులు చెయ్యప్పకు పడలేదు. నెలకు రెండు మూడుసార్లు మూలపడేవాడు. విడిభాగాలు విదేశం నుంచి రావాలి. ఒక దశలో ఎమ్‌డీకి విసుగొచ్చి, దాన్ని అమ్మేసి పెయింటర్లను పాత గదిలోకి పంపించేద్దామన్నారు.

అప్పుడు సెక్రటరీ చేసిన పని నేను బతికుండగా మరిచిపోను. గేటు ముందు ధర్నా కూర్చోబెట్టాడు. చెయ్యప్పను తీసెయ్యకూడదని. ఒకప్పుడు దాన్ని రానివ్వబోమన్నవాళ్ళే వరసగా కూర్చుని, "చెయ్యప్పకు న్యాయం కావాల! చెయ్యప్ప ఉద్యోగం కాపాడాల!" అని కన్నడంలోనూ తెలుగులోనూ నినాదాలు. ఎమ్‌డీ బయటికి వచ్చి తల పట్టుకున్నారు.

"అది మిషనయ్యా!"

"లేదు సార్, కార్మికుడే. బోర్డు మీరు పెట్టించిందే. మెడికల్ పాసైనాడు, సాక్షి మంత్రిగారు. ఎంక్వయిరీ లేకుండా పర్మనెంటు కార్మికున్ని తీసేకి లేదు."

"ఎంక్వయిరీలో అది ఏమి చెప్తుంది?"

"ఏమీ చెప్పడు సార్. మా మాదిరే."

మూడో రోజుకు ఎమ్‌డీ దిగొచ్చారు. ఓల్టేజి సరిచేసే పెద్ద పెట్టె ఒకటి కొన్నారు, విడిభాగాలకు ఆర్డరు పెట్టారు. సాయంత్రం పేపరు మాత్రం, బెంగళూరులో రోబోలు సమ్మె చేశాయని రాసింది. ఎన్ని రోబోలో రాయలేదు. అది విని మా డాక్టరుగారు, ఈ దేశంలో పేపర్లను చదవడానికి కూడా ఒక మెడికల్ పెట్టాలన్నారు.

పెద్దన్న రిటైరైన రోజు నాకు బాగా గుర్తు. సన్మానం అయ్యాక శాలువాతోనే డిస్పెన్సరీకి వచ్చాడు. అలవాటుకొద్దీ వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. పూర్తిగా బాగుందని చెప్పలేను, తలుపు ఇంకా కొంచెం కిర్రుమంటోంది. కానీ తెరుచుకుంటోంది. బయటికి వెళ్తూ, "ఒక నిమిషం నాతో రాండి సిస్టరమ్మా" అన్నాడు.

పెయింటు గదికి వెళ్ళాం. కరెంటు పోయి చెయ్యప్ప సగం పైకి లేచి ఆగిపోయి ఉన్నాడు. కథ ఇక్కడికి వచ్చేసరికి మనవళ్ళు, "బై చెప్పిందా అమ్మమ్మా?" అని అడిగారు. లేదు నాయనా. కరెంటు పోయింది, అంతే. ఆ విలేకరి అక్కడ లేకపోవడం నా అదృష్టం.

పెద్దన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత మూలనున్న డబ్బాలోంచి కొంచెం థిన్నరు గుడ్డ మీద ఒంపుకుని, గన్ మూతి దగ్గర ఎండిన రంగును గోటితో గీకి, నిదానంగా, శుభ్రంగా తుడిచాడు.

"ఇట్లే వదిలేస్తే రంధ్రం మూసుకుపోతాదమ్మా" అన్నాడు నాతో. "పని అయినాక చెయ్యి కడుక్కోవల్లని ఎవురూ చెప్పినట్టు లేదు వీనికి."